పాత్రలోని తెలివి: ప్రయోగశాలలో పెరిగే మానవ నాడీకణజాలం – ఒక నైతిక పరిశీలన

వ్యాససంగ్రహం

మానవ కణాల నుంచి ప్రయోగశాలలో పెంచిన నాడీకణ సముదాయాలకు నొప్పి, ఎఱుక ఉండగలవా, ఉంటే వాటి పట్ల మనిషి బాధ్యత ఏమిటి అన్న ప్రశ్న శాస్త్రరంగం దాటి తత్త్వవిచారంలోకి వచ్చింది. ఆ ప్రశ్నను తెలుగు పలుకుబడి, మహాభారతంలోని కొన్ని ఘట్టాలు, నెల్లూరు జిల్లా అల్లూరు తీరంలోని రొయ్యల సాగు ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కణజాలం పట్ల బాధ్యత వేరు, కణాన్ని ఇచ్చిన మనిషి పట్ల బాధ్యత వేరు. రెంటినీ ఒకటిగా చూడడం వల్ల రెండూ మరుగున పడుతున్నాయన్నది ఇందలి వాదం.

కీలకపదాలు: నాడీకణజాలం, ఆర్గనాయిడ్, తెలివి, నొప్పి, ఆత్మార్థకం, ధర్మవ్యాధోపాఖ్యానం, రొయ్యల సాగు, అంగీకారపత్రం.

ప్రస్తావన

దేహం వెలుపల నాడీకణాన్ని బతికించడం కొత్త విషయం కాదు. 1907లో రాస్ హారిసన్ కప్ప పిండం నుంచి తీసిన కణజాలాన్ని శోషరసపు బొట్టులో ఉంచి, దాని నుంచి నాడీతంతువు సాగడం సూక్ష్మదర్శినిలో చూశారు. అది కప్పది కాబట్టి, ఒంటరి తంతువు కాబట్టి, దానికి ఏమనిపిస్తున్నదని అప్పుడు ఎవరూ అడగలేదు. వందేళ్ల తరువాత పరిస్థితి మారింది. 2006లో ఎలుక కణాలతో, 2007లో మనిషి కణాలతో షిన్యా యమనక బృందం ఒక మార్గం చూపింది. పెరిగి పెద్దయిన చర్మకణాన్ని వెనక్కు నడిపించి, ఏ అవయవకణంగానైనా మారగల తొలిదశకు చేర్చవచ్చునని తేలింది. 2012లో యమనకకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మార్గం వల్ల ఒక వ్యక్తి చేతి నుంచి గిల్లిన చర్మం, లేదా తీసిన కొద్దిపాటి రక్తం, ఆ వ్యక్తి జన్యుసంపదే గల మెదడు కణాలుగా మారడానికి వీలు కలిగింది.

2013లో వియన్నాలో మడెలిన్ లాంకాస్టర్, యుర్గెన్ నాబ్లిక్ బృందం ఆ కణాలను ఒక జిగురు పదార్థంలో పెంచి, సుమారు నాలుగు మిల్లీమీటర్ల ముద్దలుగా ఎదిగించింది. వాటిలో మానవ పిండపు మెదడు పొరలను పోలిన అమరిక కనిపించింది. రక్తనాళాలు లేవు గనుక అవి అంతకు మించి పెరగలేదు. లోపలి కణాలు పోషణ అందక చచ్చిపోయాయి. అయినా ప్రయోజనం వెంటనే కనబడింది. 2016లో జికా వైరసు శిశువుల తలలు చిన్నవై పుట్టడానికి ఎలా కారణమవుతున్నదో ఈ ముద్దల్లోనే శాస్త్రజ్ఞులు చూడగలిగారు. గర్భిణిలో చూడడానికి వీలులేనిదీ, ఎలుకలో చూసి మనిషికి అన్వయించడం అనుమానాస్పదమైనదీ ఇక్కడ కంటికి కనబడింది. ఈ మేలును తక్కువ చేసి మాట్లాడే నైతికవిచారం ఏదైనా సగం విచారమే.

ఆ తరువాత వచ్చిన రెండు ప్రయోగాలు ప్రశ్నను పదునెక్కించాయి. 2019లో కాలిఫోర్నియాలోని ఆలిసన్ మువోత్రి బృందం నెలల తరబడి పెంచిన ముద్దల్లో లయబద్ధమైన విద్యుత్తరంగాలను నమోదు చేసింది. కొన్ని లక్షణాలలో అవి నెలలు నిండక పుట్టిన శిశువుల మెదడు తరంగాలను పోలి ఉన్నాయి. 2022లో మెల్‌బోర్న్‌లోని కార్టికల్ ల్యాబ్స్ సంస్థకు చెందిన బ్రెట్ కేగన్, ఆయన సహచరులు సుమారు 8 లక్షల నాడీకణాలను ఎలక్ట్రోడుల పలకపై పరచి, బంతిని బ్యాటుతో తిప్పికొట్టే పాత కంప్యూటర్ ఆటకు అనుసంధించారు. ఆ కణాల్లో కొన్ని మనిషివి, కొన్ని ఎలుకవి. బంతి ఎక్కడ ఉన్నదీ విద్యుత్సంకేతాల ద్వారా కణాలకు చేరుతుంది, కణాల స్పందన బ్యాటును కదుపుతుంది. బంతి తగిలితే క్రమబద్ధమైన సంకేతం, తప్పితే క్రమం లేని అలజడి. ఐదు నిమిషాల ఆటలోనే కణాల ఆట మెరుగుపడిందని వారు ప్రకటించారు. తమ పరిశోధనపత్రం శీర్షికలోనే ఈ కణాలు నేర్చుకుంటాయనీ, స్పందనశీలమైన ఎఱుకను కనబరుస్తాయనీ రాశారు. 2023లో అదే పత్రికలో ఇతర శాస్త్రజ్ఞులు ఈ మాటలను తీవ్రంగా ఆక్షేపించారు. ప్రయోగఫలితం కన్నా దానికి తొడిగిన పదాలు వారికి ఎక్కువ అభ్యంతరకరంగా తోచాయి. శాస్త్రజ్ఞుల వాదం మాటల దగ్గర ఆగినప్పుడు భాషాసాహిత్య విద్యార్థి అక్కడ నిలబడి చూడడం అధికప్రసంగం కాదు.

తెలివి, నేర్చుకోవడం, నొప్పి

ఇంగ్లీషులో ఈ చర్చ రెండు వేర్వేరు మాటల నడుమ సాగుతుంది. ఒకటి మేధాశక్తిని, రెండవది అనుభూతిశక్తిని చెబుతుంది. తెలుగులో ఈ రెంటినీ ఒకే మాట మోస్తున్నది. 'అతడు తెలివిగలవాడు' అన్నప్పుడు తెలివి బుద్ధి. 'అతడికి తెలివి తప్పింది', 'తెలివి వచ్చింది' అన్నప్పుడు తెలివి స్పృహ. 'ఎఱుక' కూడా ఇంతే: తెలిసి ఉండడమూ అదే, మేలుకొని ఉండడమూ అదే. ఈ కలయిక తెలుగు చేసిన పొరపాటు కాదు, ఒక లోకానుభవాన్ని అది నిలిపి ఉంచింది. మనం చూసిన జీవుల్లో బుద్ధి ఉన్నచోటల్లా స్పృహ ఉన్నది. స్పృహ లేని బుద్ధిని చూసే సందర్భం కంప్యూటర్లు వచ్చేదాకా పలుకుబడికి తటస్థించలేదు. అందువల్ల 'పళ్లెంలోని కణాలు తెలివి చూపాయి' అని తెలుగులో రాస్తే, రాసినవారు ఉద్దేశించినా లేకున్నా, స్పృహ కూడా ఆ వాక్యంలోకి వచ్చి చేరుతుంది. పత్రికలలో కనిపించే 'బుల్లి మెదడు', 'మినీ మెదడు' అన్న మాటలూ ఇదే పని చేస్తాయి. మెదడు అన్నాక అది ఎవరిదో ఒకరిదై ఉండాలి. 2022లో ఈ రంగంలోని శాస్త్రజ్ఞులే ఒక నామకరణ ఒప్పందానికి వచ్చి, 'మినీ మెదడు' అనడం తగదని ప్రకటించారు. తెలుగు పత్రికారచన ఆ సూచనను ఇంకా పట్టించుకోవలసి ఉన్నది.

'నేర్చుకొను' అన్న క్రియ మరింత ఆసక్తికరం. ఇందులోని 'కొను' ఆత్మార్థకం, క్రియాఫలం కర్తకే చెందుతుందని చెబుతుంది. వండడం వేరు, వండుకోవడం వేరు. ఈ లెక్కన కణాలు 'నేర్చుకొన్నాయి' అంటే, ఆ నేర్పు చెందడానికి అక్కడ ఒక 'తాను' ఉన్నదని ఒప్పుకున్నట్లే కదా అనిపిస్తుంది. కాని ఈ వాదం నిలవదు. 'తలుపు మూసుకొంది', 'నిప్పు అంటుకొంది', 'పాలమీద మీగడ పేరుకొంది' అంటున్నాం. తలుపుకు తాను లేదు. 'కొను' ఇక్కడ, పని బయటి కర్త ప్రమేయం లేకుండా జరిగిందని మాత్రమే చెబుతున్నది. మెల్‌బోర్న్ కణాలు నేర్చుకొన్నది తలుపు మూసుకొన్నట్లా, పిల్లవాడు ఈత నేర్చుకొన్నట్లా అన్నదే అసలు ప్రశ్న. క్రియారూపం ఆ ప్రశ్నకు బదులు చెప్పదు.

బదులు చెప్పకపోయినా, ఎక్కడ వెదకాలో చూపే రూపం ఒకటి తెలుగులో ఉన్నది. నొప్పి, ఆకలి, భయం, సిగ్గు వంటివి తెలుగులో కర్త చేసే పనులు కావు. అవి ఒకరికి కలిగేవి. 'నాకు నొప్పిగా ఉంది', 'దానికి ఆకలేస్తున్నది' అన్నచోట అనుభవించేవాడు చతుర్థిలో నిలుస్తాడు. 'కు' ప్రత్యయం జడానికీ చేరుతుంది: గోడకు రంగు, బండికి పెట్రోలు, మడికి నీళ్లు. అయితే గోడకు నొప్పి, బండికి భయం అని ఎవరూ అనరు. అంటే అది హాస్యమో కవిత్వమో అవుతుంది. కనుక పళ్లెంలోని కణాల విషయంలో అడగవలసింది 'అవి నేర్చుకొన్నాయా' అని కాదు, 'వాటికి నొప్పి కలిగిందా' అని. మొదటి ప్రశ్నకు ఔనన్నా ఏ బాధ్యతా పుట్టదు. రెండవ ప్రశ్నకు ఔనంటే ఆ క్షణమే పుడుతుంది. మెల్‌బోర్న్ ప్రయోగంలో బంతి తప్పినప్పుడు కణాలకు పంపిన 'అలజడి'ని శిక్ష అని కొందరు వర్ణించారు. శిక్ష పడడానికి చతుర్థిలో నిలిచే ఒకరుండాలి. ఆ ఒకరు ఉన్నారనడానికి ప్రయోగంలో ఆధారం చూపలేదు. కణాలు అలజడిని తగ్గించే దిశగా కదిలాయన్నంతవరకే చూపారు.

భృగు భరద్వాజ సంవాదం

స్పందన నుంచి అనుభవాన్ని ఊహించే ఈ తర్కం మెల్‌బోర్న్‌లో పుట్టలేదు. సంస్కృత మహాభారతం శాంతిపర్వంలో, మోక్షధర్మభాగంలో, భరద్వాజుడు భృగువును ఇదే తీరుగా నిలదీస్తాడు. చెట్లు చూడవు, వినవు, వాసన రుచి ఎఱగవు, మరి అవి పాంచభౌతికాలు ఎలా అవుతాయని ఆయన సందేహం. భృగువు ఒక్కొక్క ఇంద్రియానికి ఒక్కొక్క నిదర్శనం చూపుతాడు. వేడికి ఆకు వాడుతుంది కనుక స్పర్శ ఉంది. ఉరుము మోతకు పూవు, కాయ రాలుతాయి కనుక వినికిడి ఉంది. తీగ చెట్టును చుట్టుకొని దారి వెదుక్కుంటుంది కనుక చూపు ఉంది. ధూపానికి తెగులు పోయి పూస్తుంది కనుక ఘ్రాణం ఉంది. వేళ్లతో నీరు తాగుతుంది కనుక రుచి ఉంది. నరికినచోట మళ్లీ చిగురిస్తుంది, సుఖదుఃఖాలను గ్రహిస్తుంది, కనుక చెట్టులో చైతన్యం లేకపోలేదని ముగిస్తాడు.

భృగువు పరిశీలనలు చాలావరకు సరైనవే. తీగ దారి వెదుక్కుంటుందన్న మాటను నేటి వృక్షశాస్త్రం కాదనదు. ఆయన దాటిన గట్టు చివరిది: చిగురిస్తుంది కనుక సుఖదుఃఖాలు ఉన్నాయన్నది. స్పందన ఉన్నచోట అనుభవం ఉండవచ్చు, ఉండి తీరాలన్న నియమం లేదు. 2022 నాటి పరిశోధనపత్రం దాటిన గట్టూ అదే. అయితే ఒక తేడా చెప్పుకోవాలి. భృగువు ప్రతిపాదించదలచినది చెట్ల పాంచభౌతికత్వం, దానివల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. పళ్లెంలోని కణాల తెలివిని ప్రకటించిన సంస్థ ఆ కణాలతో నడిచే యంత్రాన్ని 2025లో విపణిలో పెట్టింది. ఎఱుక ఉన్నదని చెప్పుకోవడమే అమ్మకానికి ఆకర్షణ అయినచోట, ఎఱుక ఉన్నదా లేదా అన్న విచారణ నిష్పాక్షికంగా సాగుతుందని ఆశించడం కష్టం. ఎఱుక నిజంగా ఉన్నట్లయితే ఆ సరుకును అమ్మే హక్కే సందిగ్ధంలో పడుతుందన్నది మరో చిక్కు. ప్రకటనకు పనికివచ్చేంత తెలివి ఉండాలి, బాధ్యత పుట్టేంత ఉండకూడదు. ఇంత సౌకర్యమైన కొలతను ప్రకృతి ఎవరికీ రాసి ఇవ్వలేదు.

చార్వాకులు వేరొక దారి చూపారు. పులిసిన దినుసుల్లో మత్తు పుట్టినట్లు భూతాల కలయికలోనే చైతన్యం పుడుతుందన్నారు. ఆ మాట నిజమైతే సరైన కలయిక ఎక్కడ జరిగినా, దేహంలోనైనా పళ్లెంలోనైనా, చైతన్యం పుట్టవలసిందే. ఆ కలయిక ఏదో తెలియకపోవడమే అప్పుడూ ఇప్పుడూ ఉన్న లోపం. సంఖ్య దాన్ని చెప్పదు. తేనెటీగ తలలో సుమారు 10 లక్షల నాడీకణాలుంటాయి, మెల్‌బోర్న్ పలకపై 8 లక్షలు. తేనెటీగ పూవును వెదికి గూటికి తిరిగివచ్చి తోటి ఈగలకు దారి చెబుతుంది. పలకపైని కణాలకు దేహమూ గూడూ పూవూ లేవు. ఇటుకలు సమానమైనంత మాత్రాన ఇల్లూ ఇటుకల కుప్పా సమానం కావు.

గాంధారి కుండలు

ఈ విషయం తెలుగువారి నడుమ ఎత్తగానే గాంధారి కథ గుర్తుకు రావడం సహజం. 2019 జనవరిలో జలంధర్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయపు నాటి ఉపకులపతి కౌరవుల జననాన్ని మూలకణ పరిశోధనగా వ్యాఖ్యానించడం దేశవ్యాప్తంగా వివాదమైంది. ఆ వ్యాఖ్య శాస్త్రచరిత్రగా నిలవదని వేరే చెప్పనక్కర లేదు. సాహిత్య దృష్టితో చూస్తే మరో నష్టం ఉంది. కథను యంత్రవిద్యగా చదివితే అందులోని ధర్మసంకటం కనబడకుండా పోతుంది.

నన్నయ ఆదిపర్వంలో తెలుగువారికి అందిన ఆ ఘట్టంలో, కుంతికి కొడుకు పుట్టాడని విని గాంధారి ఈర్ష్యతో తన గర్భాన్ని మోదుకుంటుంది. మాంసపిండం బయటపడుతుంది. వ్యాసుడు వచ్చి, దాన్ని వృథా పోనీయక విభజింపజేసి, నూటొక్క భాగాలను నేతికుండలలో ఉంచి కాపాడమంటాడు. ఆ పిండం కాపాడదగినది ఎందుకయింది? దానికి నొప్పి ఉందని వ్యాసుడు అనలేదు. అది నూరుగురు కొడుకులు కాబోతున్నది కనుక, తన వరం దానికి ముందే ఉన్నది కనుక, దానికి తల్లి ఉన్నది కనుక. దాని విలువ భవిష్యత్తులోనూ బాంధవ్యంలోనూ ఉన్నది.

నేటి నియమాలు తెలియకుండానే ఈ వ్యాసదృష్టినే అనుసరిస్తున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2017లో వెలువరించిన మూలకణ పరిశోధన మార్గదర్శకాల ప్రకారం మానవ పిండాన్ని ప్రయోగశాలలో 14 రోజులకు మించి పెంచడం నిషిద్ధం. 14 రోజుల పిండంలో ఒక్క నాడీకణమైనా ఉండదు, దానికి నొప్పి కలిగే ప్రసక్తే లేదు. అది మనిషి కాగలదు గనుక దానికి గీత గీశారు. నెలల తరబడి పెరిగి, తరంగాలు పుట్టించే నాడీకణపు ముద్దకు అటువంటి కాలపరిమితి లేదు. అది ఎన్నటికీ మనిషి కాలేదు గనుక దానికి గీత లేదు. భవిష్యత్తు ఉన్నదానికి రక్షణ, వర్తమానంలో ఏదైనా కలుగుతున్నదేమో తెలియనిదానికి మౌనం. అంతర్జాతీయ మూలకణ పరిశోధన సంఘం 2021లో తన మార్గదర్శకాలను సవరించినప్పుడు, ఈ ముద్దలకు స్పృహ గాని నొప్పి గాని ఉన్నదనడానికి ఇప్పటికి జీవశాస్త్రపరమైన ఆధారం లేదనీ, అయితే పరిశోధకులు జాగరూకులై ఉండాలనీ చెప్పింది. నేటి స్థితికి అది న్యాయమైన మాటే. జాగరూకత అంటే ఏ రోజు ఏ పరీక్ష చేయడమో మాత్రం అందులో తేలలేదు.

హైదరాబాదు కన్ను, అల్లూరు కన్ను

ఈ పరిశోధన తెలుగునేలకు దూరమైనదేమీ కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థ పరిశోధకులు 2017లో మానవ మూలకణాల నుంచి కంటి తొలిరూపపు కణగుచ్ఛాలను, వాటినుంచి చిన్న శుక్లపటలాలను పెంచి ప్రకటించారు. అంధత్వం పోగొట్టడం వారి లక్ష్యం. కంటి వెనుకనుండే దృష్టిపటలం పుట్టుకరీత్యా మెదడు భాగమే, నాడీకణాల పొర. చూపులేని వారికి చూపు తేగల ఈ కృషి ఎదుట పళ్లెంలోని కణానికి ఏమనిపిస్తుందన్న ప్రశ్న కొందరికి విలాసంగా తోచవచ్చు. తోచడం తప్పు కాదు. అయితే అదే తెలుగునేలపై మరొక కంటి సంగతి ఉన్నది.

అల్లూరు మండలం పెన్నకు ఉత్తరాన, బకింగ్‌హాం కాలువకూ బంగాళాఖాతానికీ ఆనుకొని ఉన్నది. వరి మళ్లు, ఇసకపల్లి ఉప్పు కయ్యలు, వాటి నడుమ రొయ్యల గుంటలు. 1990ల తొలినాళ్లలో టైగర్ రొయ్య ఈ తీరమంతటినీ ఊపింది. తెల్లమచ్చ తెగులుతో అది కూలింది. 2009లో విదేశీ జాతి అయిన వనామీకి అనుమతి వచ్చాక సాగు మళ్లీ నిలదొక్కుకొన్నది. గుంటలో వదిలే పిల్ల హేచరీల నుంచి వస్తుంది. హేచరీలో తల్లి రొయ్యలు త్వరగా గుడ్లకు రావడానికి ప్రపంచమంతటా అనుసరించే పద్ధతి ఒకటుంది: ఆడరొయ్య ఒక కంటి కాడను నొక్కి గాని, కాల్చి గాని, దారంతో బిగించి గాని తెంపడం. రొయ్య కనుకాడలో కొన్ని నాడీకణాలు గుడ్ల ఎదుగుదలను అదుపుచేసే హార్మోనును స్రవిస్తాయి. కాడ పోతే అదుపు పోతుంది, గుడ్లు వస్తాయి. ఇప్పుడిప్పుడే కొందరు ఉత్పత్తిదారులు ఈ పద్ధతిని మానుకుంటున్నారు.

రొయ్యకు నొప్పి కలుగుతుందా? 2004లో వనామీ పైనే జరిగిన ఒక పరిశీలనలో, మత్తుమందు పూసి కనుకాడ తెంపితే తోక కొట్టుకోవడం తగ్గిందని తేలింది. 2008లో బెల్‌ఫాస్ట్ పరిశోధకులు ఒక జాతి రొయ్య మీసానికి ఆమ్లం పూసినప్పుడు అది ఆ మీసాన్నే పదే పదే తుడుచుకోవడం గమనించారు. 2010లో మరొక బృందం వేరే జాతులలో ఆమ్లానికి అటువంటి స్పందన లేదన్నది. సాక్ష్యం ఏకముఖంగా లేదు. అయినా మొత్తం మీద అది బలమైనదేనని జొనాథన్ బర్చ్ నాయకత్వాన లండన్‌లో తయారైన 2021 నివేదిక నిర్ణయించింది. ఆ నివేదిక కనుకాడ తెంపే పద్ధతినీ ప్రత్యేకంగా చర్చించింది. దాని ఫలితంగా 2022 బ్రిటిష్ చట్టం పీత, రొయ్య వంటి జీవులను అనుభూతి గల ప్రాణుల జాబితాలో చేర్చింది. ఆ బర్చ్ 2024లో ప్రచురించిన గ్రంథంలోనే నాడీకణపు ముద్దల గురించీ చర్చించడం కాకతాళీయం కాదు. సందేహపు సరిహద్దులో నిలిచేవన్నీ ఆయనకు ఒకే ప్రశ్న కింద వస్తాయి.

ఇక్కడ పోలిక పెట్టక తప్పదు. పళ్లెంలోని కణాలకు దేహం లేదు, పారిపోయే వీలు లేదు, నొప్పిగ్రాహకాలు లేవు, గాయాన్ని తడుముకొనే చేష్ట లేదు. రొయ్యకు ఇవన్నీ ఉన్నాయి. నొప్పి సాక్ష్యం ప్రకారం నడిస్తే రొయ్య గురించిన ఆందోళన ముందు, కణాల గురించినది తరువాత రావాలి. లోకంలో వరుస తారుమారై ఉన్నది. పళ్లెం గురించి ప్రపంచవ్యాప్తంగా సభలు జరుగుతున్నాయి. కనుకాడ సంగతి హేచరీ గోడ దాటి వినబడదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 'జంతువు' అన్న మాటకు మనిషి తప్ప తక్కిన ప్రాణి ఏదైనా అని నిర్వచనమిచ్చింది. అక్షరార్థంలో రొయ్య అందులోకి వస్తుంది, ఆచరణలో రాదు. మానవ నాడీకణపు ముద్ద ఆ నిర్వచనంలోకి రాదు, దాన్ని మనిషి అనడానికీ లేదు. రొయ్యల రైతుల వాడుకలో మాత్రం ఒక మాట ఉన్నది: రొయ్య 'స్ట్రెస్‌లో ఉంది' అంటారు. ఆ మాట పంట లెక్కకు పనికివస్తుంది. 'రొయ్యకు నొప్పిగా ఉంది' అన్న చతుర్థీవాక్యం లెక్కలోకి రాదు, గనుక వాడుకలోకీ రాలేదు.

దీన్నిబట్టి తేలేదేమంటే, నాడీకణపు ముద్దపై మనకున్న కలవరంలో చాలాభాగం దాని వేదన గురించినది కాదు. అది 'మనది' అన్న భావం గురించినది. ఈ భావాన్ని స్వార్థమని కొట్టివేయడం సులభం. కాని దీనికొక సమర్థన ఉన్నది. మానవ నాడీకణాలు ఎప్పుడైనా అనుభవాన్ని పుట్టించగలిగితే, అది రొయ్య అనుభవం కన్నా లోతైనది కావచ్చు. రేపటి భయం, నిన్నటి జ్ఞాపకం కలిసిన బాధ కావచ్చు. 2022లో స్టాన్‌ఫర్డ్‌లో సెర్జియు పాష్కా బృందం మానవ కణపు ముద్దను ఎలుకపిల్ల మెదడులో అమర్చింది. ఎలుక మీసాన్ని తాకినప్పుడు ఆ మానవ కణాలు స్పందించాయి. దేహం లేని కణానికి అక్కడ ఒక దేహం దొరికింది. ఇటువంటి చోట ముందుజాగ్రత్త అవసరమే. అయితే ఆ జాగ్రత్త వేదనాసాక్ష్యం నుంచి రావాలి, వంశాభిమానం నుంచి కాదు. వంశాభిమానం నుంచి వస్తే అది రొయ్య దగ్గర ఆగిపోవడమే కాక, లాభం ఎక్కువైనప్పుడు మానవ కణం దగ్గరా ఆగిపోతుంది.

మరొక చిక్కు ఉన్నది. 2023లో భారత ప్రభుత్వం కొత్త ఔషధాల నియమాలను సవరించి, జంతుప్రయోగాలకు బదులుగా ఇటువంటి కణజాల పద్ధతులను వాడడానికి వీలు కల్పించింది. జంతువుల పట్ల దయగల వారంతా దీన్ని స్వాగతించారు, స్వాగతించదగినదే. కాని ఎలుకకు బదులు ముద్దను వాడడానికి మనం చూపే కారణం అది మనిషి మెదడును ఎక్కువగా పోలి ఉంటుందన్నది. వాడడం తప్పు కాదనడానికి చూపే కారణం అది మనిషి మెదడును పోలి లేదన్నది. శాస్త్రం ముందుకు నడిచేకొద్దీ మొదటి కారణం బలపడుతుంది, రెండవది బలహీనపడుతుంది. ఈ రెండు కారణాలూ ఒకే దరఖాస్తులో పక్కపక్కన కూర్చోగలిగే కాలం ఎంతో లేదు.

ధర్మవ్యాధుడి కొట్టు

పాకనాటి గుడ్లూరుతో సంబంధమున్న ఎఱ్ఱన తెలుగు చేసిన అరణ్యపర్వశేషంలో ధర్మవ్యాధోపాఖ్యానం ఉన్నది. గుడ్లూరు అల్లూరుకు ఉత్తరాన, అదే తీరసీమలో ఉన్న ఊరు. మిథిలలో మాంసం అమ్ముకొనే వ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం చెబుతాడు. నాగలి సాలులో ఎన్ని ప్రాణులు చస్తాయో, గింజలో ఎంత జీవం ఉందో, నడిచే అడుగు కింద ఏమేమి నలుగుతాయో చూపి, పూర్తి అహింసకుడు లోకంలో లేడంటాడు. ఈ వాదాన్ని ఉపన్యాసకులు సాధారణంగా వృత్తిధర్మ సమర్థనగా ముగిస్తారు. కాని వ్యాధుడు మరొక మాట కూడా అంటాడు: తాను చంపడు, ఇతరులు చంపినది తెచ్చి అమ్ముతాడు. ఈ మాట దగ్గర ఆగవలసి ఉన్నది. అది ఊరటా, తప్పించుకోవడమా? ఆ వెసులుబాటును వ్యాధుడు దాచడు, తన పని ఘోరమైనదేనని ఒప్పుకుంటాడు. హింస తప్పదన్న సత్యాన్ని హింసను కొలవనక్కర లేదన్న అనుమతిగా ఆయన మార్చుకోడు. హేచరీ నుంచి పిల్లను తెచ్చి గుంటలో వదిలే అల్లూరు రైతు కనుకాడ తెంపడు. సంస్థ నుంచి సిద్ధకణాలను తెప్పించుకొని ఆట నేర్పే పరిశోధకుడు ఎవరి చర్మాన్నీ గిల్లడు. ఇద్దరూ వ్యాధుడి స్థానంలోనే ఉన్నారు. వ్యాధుడికున్న ఆ ఒప్పుకోలు ఉన్నదా అన్నదే తేడా.

చర్మం గిల్లించుకొన్న మనిషి సంగతి ఈ చర్చలో అందరికన్నా వెనక నిలిచింది. 1951లో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ నుంచి బాల్టిమోర్‌లో ఆమెకు తెలియకుండా తీసిన కణాలు ఈనాటికీ ప్రపంచమంతటా పెరుగుతున్నాయి. వాటితో లాభం పొందిన ఒక సంస్థ 2023లో ఆమె వారసులతో రాజీకి వచ్చింది. లాక్స్ కణాలకు నొప్పి ఉన్నదని ఎవరూ అనలేదు. అయినా అన్యాయం జరిగిందని అందరూ ఒప్పుకొన్నారు. ఇచ్చిన మనిషి పట్ల రుణం కణానికి ఎఱుక ఉన్నా లేకున్నా ఉంటుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర లేదు. కణం పట్ల రుణం సందిగ్ధం, మనిషి పట్ల రుణం నిశ్చయం. 'బుల్లి మెదడుకు తెలివి ఉందా' అన్న ఆకర్షకమైన ప్రశ్న మొదటిదాన్ని ముందుకు తోసి రెండవదాన్ని వెనక్కు నెడుతున్నది.

బెంగుళూరులో నిమ్హాన్స్ భాగస్వామ్యంతో మూలకణాల ద్వారా మనోరోగాలను పరిశోధించే కార్యక్రమం ఒకటి నడుస్తున్నది. ఒకే ఇంట పలువురికి జబ్బున్న కుటుంబాల రక్తం నుంచి కణాలను తీసి, నాడీకణాలుగా మార్చి చూస్తారు. దాతకు అర్థమయ్యే భాషలో సమాచారం ఇచ్చి అంగీకారం తీసుకోవాలని వైద్య పరిశోధన మండలి నియమం. నెల్లూరు వైపు నుంచి బెంగుళూరుకు వైద్యానికి వెళ్లే కుటుంబానికి అందేది తెలుగు పత్రమై ఉండాలి. ఆ తెలుగు ఎవరు రాయాలి, ఏ మాటలతో రాయాలి అన్నది విశ్వవిద్యాలయ తెలుగుశాఖలు తమది కాదనుకొనే ప్రశ్న. 'మీ రక్తనమూనా నుండి ప్రేరిత బహుశక్త మూలకణములు ఉత్పాదించబడును' అని రాస్తే నియమం నెరవేరుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. 'మీ రక్తంతో చిన్న మెదడు చేస్తాం' అని రాస్తే అందరికీ తెలుస్తుంది, తెలిసింది నిజం కాదు. 'మీ అబ్బాయి రక్తం నుంచి కొన్ని కణాలు తీసి, అవి మెదడు కణాలుగా మారేలా పెంచుతాం. అవి పప్పుబద్దంత ముద్దగా పెరగవచ్చు, మెదడుగా పెరగవు' అన్న వాక్యం అల్లూరు నుంచి వచ్చిన తల్లి చదవగలదు, లేదా ఎవరైనా చదివి వినిపించగలరు.

ఆమె అడగగల మొదటి ప్రశ్న 'దానికి నొప్పి ఉంటుందా అయ్యా?' అన్నది కావచ్చు. దానికి 'ఉండదు' అన్న ఒక్క మాట నేటి జ్ఞానానికి మించిన బదులు. 'ఉంటుందనడానికి ఇప్పటివరకు ఆధారం దొరకలేదు, చూస్తూనే ఉంటాం' అన్నది సరిపడే బదులు. ఆమె అడగని ప్రశ్నలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఆ కణాలను మరొక జంతువు మెదడులో అమరుస్తారా, గణనయంత్రంలో పెడతారా, మరొక సంస్థకు అమ్ముతారా, పిల్లవాడు పోయాక కూడా ఎంతకాలం పెంచుతారు, వద్దంటే ఏ రోజువరకు వెనక్కు తీసుకోవచ్చు అన్నవి. ఒక్కొక్క ప్రశ్న ఎదుట 'సరే', 'వద్దు' అని రెండు గళ్లు ఉండాలి, ఆ గళ్లు తెలుగులో ఉండాలి.